ఉబ్బసం: పిల్లికూతలు ఆగినా గొట్టం గోడ ఎందుకు మందమవుతుంది?

కాశీనగర్_ఫార్మసీ:
కౌంటరు దగ్గర రోజూ వినబడే ప్రశ్న ఇది. "కూతలు ఆగిపోయాయి కదా, ఇంకా స్టెరాయిడ్ పంపు ఎందుకు?" లోపల వాపు ఉంటుందంటే, "వాపైతే తగ్గిపోతుంది కదా" అంటారు. కాలు బెణికిన వాపు వారంలో పోతుంది, వాళ్ల మాటలో తప్పేమీ లేదు. మరి ఊపిరి గొట్టంలో వాపు దిగాక కూడా మిగిలేదేమిటి? ఎలర్జీ దగ్గర మొదలుపెట్టి గోడ మారేదాకా వరసగా ఎవరైనా చెప్పండి. నాకే సరిగ్గా తెలిస్తే మందు కొనేవాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్పగలను. ఒడియాలో శ్వాస రోగం అన్నా మనవైపు ఉబ్బసం, ఎగశ్వాస అన్నా ప్రశ్న ఒకటే.

బరంపురం_ఊపిరి:
మంచి ప్రశ్న తమ్ముడూ. వరసగా చెబుతాను, కాస్త పొడవవుతుంది.

మన బొంతల్లో, బూరుగుదూది పరుపుల్లో ఉండే దుమ్ము పురుగును తీసుకుందాం. పురుగు పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. మనకి ఎలర్జీ తెచ్చేది ముఖ్యంగా దాని మలం. అందులో డెర్ పి 1 అనే ప్రోటీన్ ఉంది, అది ప్రోటీన్లను కోసే ఎంజైము. గొట్టం లోపలి పైపొరలో కణాలు ఒకదానికొకటి కుట్టినట్టు అతుక్కుని ఉంటాయి. ఈ ఎంజైము ఆ కుట్లు విప్పుతుంది. దెబ్బ తిన్న పైపొర టీఎస్‌ఎల్‌పీ, ఐఎల్-33, ఐఎల్-25 అనే మూడు రసాయన కబుర్లు పంపుతుంది. అవి అందుకుని రోగనిరోధక కణాలైన టీహెచ్2 కణాలు, వాటి పక్కనే ఐఎల్‌సీ2 కణాలు లేస్తాయి. ఆ కణాలు వదిలే ఐఎల్-4, ఐఎల్-13 వల్ల ఐజీఈ అనే ఎలర్జీ యాంటీబాడీ తయారవుతుంది. ఐఎల్-5 పిలుపుతో ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు వస్తాయి. ఐఎల్-13 కఫం కణాలను పెంచుతుంది.

ఐజీఈ గొట్టం గోడలో ఉండే మాస్ట్ కణాల మీద కూర్చుంటుంది. మళ్లీ దుమ్ము తగిలితే అవి హిస్టమిన్, ల్యూకోట్రయీన్లు అనే రసాయనాలు వదులుతాయి, 15 నుంచి 30 నిమిషాల్లో గొట్టం బిగుస్తుంది. కొందరిలో 4 నుంచి 8 గంటల తర్వాత రెండో విడత వస్తుంది. రాత్రి పక్క దులిపి పడుకున్నవాళ్లకి తెల్లవారుజామున డొక్కలెగరడానికి ఇదొక కారణం.

ఇక్కడిదాకా అంతా వాపే, దిగిపోయేదే. గోడ కట్టేపని దీని పక్కనే నడుస్తుంది. ఇసినోఫిల్స్ టీజీఎఫ్-బీటా అనే గాయం మాన్పే కబురు వదులుతాయి, దెబ్బతిన్న పైపొరా వదులుతుంది. అది అందిన ఫైబ్రోబ్లాస్టులు (నార అల్లే కణాలు) మయోఫైబ్రోబ్లాస్టులుగా మారి పైపొర కింద కొల్లాజెన్ అనే నార ప్రోటీన్ పరుస్తాయి. గాయం మానినప్పుడు చర్మం మీద మచ్చ పడే పద్ధతే ఇది. చర్మం మీద గాయం ఒక్కసారి మానుతుంది. ఇక్కడ రోజూ రేగుతూ రోజూ మానుతూ ఉంటుంది, అందుకే మేస్త్రీ పని ఆగదు. వీఈజీఎఫ్ అనే మరో కబురు వల్ల కొత్త రక్తనాళాలు పుట్టి, వాటిలోంచి నీరు ఊరి గోడ ఇంకా ఉబ్బుతుంది. నున్నటి కండరం లావెక్కుతుంది, కణాల సంఖ్యా పెరుగుతుంది. ఇసినోఫిల్స్ పోయాక వాపు దిగుతుంది. పరిచిన కొల్లాజెన్, పెరిగిన కండరం ఉండిపోతాయి. మీ ప్రశ్నకి సూటి జవాబు అదే.

కొరాపుట్_పేథాలజీ:
డాక్టరుగారు చెప్పినదాన్ని స్లైడు మీద చూపిస్తాను. అందరూ వాడే ఒక మాటకి సవరణ కూడా ఉంది.

బ్రాంకోస్కోపీలో, అంటే ఊపిరి గొట్టంలోకి కెమెరా గొట్టం దింపి తీసిన చిన్న ముక్క, మినపగింజలో సగం ఉండదు. హెచ్ అండ్ ఈ రంగు వేసి 40 లెన్సు కింద పెడితే పైన ఊదారంగు కణాల వరస, దాని కిందే గులాబీ రంగులో గాజులా నున్నటి పట్టీ కనబడతాయి. ఉబ్బసం లేనివాళ్లలో ఆ పట్టీ 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టూ ఉంటుంది. ఉబ్బసంలో 7 దాటుతుంది, 20 దాటినవీ ఉన్నాయి. దీన్ని అందరూ బేస్‌మెంట్ పొర మందం అంటారు. అసలు బేస్‌మెంట్ పొర మందం కాదు. దాని కింది రెటిక్యులర్ పొరలో 1, 3, 5 రకాల కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్, టెనాసిన్ అనే ప్రోటీన్లు పేరుకుంటాయి.

ఆ పట్టీ పైన చాలాచోట్ల కణాల వరస ఊడిపోయి ఉంటుంది. ఊడిన గుత్తులు కఫంలో దొరికితే క్రియోలా గుత్తులు అంటాం. కఫంలోనే రెండు కొసలూ సూదిగా ఉన్న స్ఫటికాలు కనబడితే అవి షార్కో-లైడెన్ స్ఫటికాలు. ఇసినోఫిల్‌లో ఉండే గెలెక్టిన్-10 ప్రోటీన్ గడ్డకట్టి అలా అవుతుంది. ఈ గోడ మార్పులు కొత్తగా కనిపెట్టినవి కావు. ఉబ్బసంతో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తులు కోసి హ్యూబర్, కెస్లర్ అనే ఇద్దరు 1922లోనే కొలతలతో రాశారు.

ఇంకోమాట. ఆ గులాబీ పట్టీ ఒక్కటే ఆయాసం తేదు. ఇసినోఫిలిక్ బ్రాంకైటిస్ అని ఒక జబ్బుంది. అందులోనూ ఇసినోఫిల్స్ ఉంటాయి, పట్టీ మందంగానే ఉంటుంది. కానీ గొట్టం అతిగా బిగుసుకోదు, పిల్లికూతలుండవు, దగ్గొక్కటే ఉంటుంది. రెండింటి ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసిన పని 2002లో వచ్చింది. ఉబ్బసంలో మాస్ట్ కణాలు కండరం కట్టల మధ్యకి దూరి కూర్చున్నాయి, రెండోదానిలో లేవు. ఏ కణం ఉందో చూసినంత మాత్రాన చాలదు, ఎక్కడ కూర్చుందో చూడాలి.

రాయగడ_స్పైరో:
గోడ కొన్ని మైక్రాన్లు పెరిగితే ఏమవుతుందిలే అనుకునేవాళ్లకి లెక్క. గాలి నెమ్మదిగా, సాఫీగా పోయే సన్నగొట్టంలో అడ్డు, వ్యాసార్ధం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. వ్యాసార్ధం సగమైతే అడ్డు 16 రెట్లు. 20 శాతం తగ్గితేనే దాదాపు రెండున్నర రెట్లు. పైగా గోడ మందంగా ఉన్న గొట్టంలో కండరం ఎప్పటంత బిగిసినా లోపలి దారి మామూలుకంటే ఎక్కువ మూసుకుపోతుంది, ఎందుకంటే మందమంతా లోపలివైపే ఒరుగుతుంది. మిగిలిన ఆ కాస్త దారిలో కఫం బిళ్ల పడిందా, ఆ కొమ్మ మొత్తానికి గాలి ఉండదు.

ఏళ్ల లెక్క కూడా ఉంది. కోపెన్‌హాగన్‌లో 1976 నుంచి 1994 దాకా పెద్దవాళ్లని వెంబడించి చూశారు. మొదటి సెకనులో ఊదే గాలి, అంటే ఎఫ్‌ఈవీ1, ఉబ్బసం లేనివాళ్లలో ఏటా 22 మిల్లీలీటర్లు తగ్గితే ఉబ్బసం ఉన్నవాళ్లలో 38 తగ్గింది. తేడా 16. ముప్ఫై ఏళ్లకి 480 మిల్లీలీటర్లు, అర లీటరుకి దగ్గర. అది సగటు. అందరూ అలా జారరు.

పిల్లల_వార్డు:
బరంపురం సార్ చెప్పిన వరసతో నాకు ఒకచోట పేచీ ఉంది. ముందు వాపు, ఆ వెనక గోడ అన్నట్టు వినబడుతోంది. పిల్లల్లో చూస్తే అంత తీరుగా లేదు. ఏడాది వయసులో కూతలున్న పసివాళ్ల ముక్కల్లో గులాబీ పట్టీ మందం లేదు. మూడేళ్లకి దగ్గరపడ్డ, కూతలు బాగా ఉన్న పిల్లల్లో మందం వచ్చేసింది. ఇరవై ఏళ్లు వాచి వాచి చివరికి మచ్చ పడుతుందన్న ఊహ దీనితో పోయింది. వాపూ గోడా దాదాపు జతగా నడుస్తాయి.

రెండోది ఇంకా ముఖ్యం. 2011లో బ్రిటన్‌లో 48 మంది తేలికపాటి ఉబ్బసం ఉన్నవాళ్ల మీద ఒక పరీక్ష చేశారు. నాలుగు గుంపులు. ఒక గుంపు దుమ్ము పురుగు సారం పీల్చింది. ఇంకోటి మెథాకోలిన్ పీల్చింది, అది కండరాన్ని బిగిస్తుందే తప్ప ఎలర్జీ వాపు తేదు. మూడోది సెలైన్. నాలుగోది ముందు బిగువు విప్పే సాల్బుటమాల్, తర్వాత మెథాకోలిన్. 48 గంటలకొకసారి మూడుసార్లు. ముందొకసారి, చివరిదైన నాలుగు రోజులకి మరోసారి ముక్క తీశారు. ఇసినోఫిల్స్ పెరిగింది పురుగు గుంపులోనే. కొల్లాజెన్ పట్టీ మాత్రం పురుగు గుంపులోనూ పెరిగింది, ఒట్టి మెథాకోలిన్ గుంపులోనూ పెరిగింది. సాల్బుటమాల్‌తో బిగువు రానివ్వని గుంపులో పెరగలేదు. గొట్టం బిగిసినప్పుడు పైపొర మడతలు పడి నలుగుతుంది. ఆ నలుగుడే దానికి గాయం, టీజీఎఫ్-బీటా వదలడానికి అదే చాలు.

బరంపురం_ఊపిరి:
ఒప్పుకుంటున్నాను, నా వరసలో ఆ బాణం గుర్తు లేదు. ఎలర్జీ నుంచి గోడకి రెండు దారులు. ఒకటి ఇసినోఫిల్ ద్వారా, రెండోది బిగువు ద్వారా. ఎలర్జీ రెండింటినీ లేపుతుంది. ఒక్కో ఎగశ్వాస ఆ కాసేపటి బాధతో పోదు, గోడ మీద ఒక పూత వేసి పోతుంది.

కాశీనగర్_ఫార్మసీ:
అయితే ఒక చిక్కు. బిగువు రానివ్వకపోతే గోడ పెరగదంటున్నారు కదా మేడమ్, మరి సాల్బుటమాల్ ఒక్కటే రోజూ కొట్టుకుంటే సరిపోదా? మా కౌంటరుకి వచ్చేవాళ్లు చేసేది అదే.

పిల్లల_వార్డు:
సరిపోదు బాబూ. ఆ పరీక్షలో ఒక్క వారం, ముందే వేసిన మందు. ఇంట్లో జరిగేది తలకిందులు. బిగుసుకున్నాకే పంపు తీస్తారు. దాని పని నాలుగు నుంచి ఆరు గంటలు. ఈలోపు మొదటి దారి, ఇసినోఫిల్ దారి, అడ్డు లేకుండా నడుస్తుంది. రోజూ కొడితే దాని పట్టు కూడా తగ్గుతుంది. 200 పఫ్‌ల డబ్బా ఏడాదికి మూడుకి చేరితే తీవ్రంగా ముదిరే ప్రమాదం పెరుగుతుంది, పన్నెండుకి చేరితే ప్రాణాపాయమే పెరుగుతుంది. అందుకే 2019 నుంచి గినా (అంతర్జాతీయ ఉబ్బసం సంస్థ) మార్గదర్శకాలు పెద్దవాళ్లకి, 12 ఏళ్లు దాటిన పిల్లలకి సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వొద్దని చెబుతున్నాయి. మీ అమ్మకాల రిజిస్టరులో డబ్బాలు లెక్కపెడితే ఎవరు ప్రమాదంలో ఉన్నారో డాక్టరుకంటే ముందు మీకే తెలుస్తుంది.

మాత్రల సంగతీ చెప్పాలి. సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు, పంపులో ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు. మాత్ర అంటే నలభై పఫ్‌ల మందు కడుపులో వేసినట్టు. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, గొట్టానికి చేరేది కొంచెమే.

గుణుపురం_సిస్టరు:
మందు ఏదైనా గొట్టంలోకి దిగకపోతే ఈ చర్చంతా వృథా. మావైపు కొండ ఊళ్లలో స్పేసర్ (పంపుకీ నోటికీ మధ్య పెట్టే గొట్టం) కొనలేనివాళ్లకి సీసా స్పేసర్ సరిపోతుంది. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరీక్షించి 1999లోనే పనిచేస్తుందని తేల్చారు. చేసే పద్ధతి:

500 మిల్లీలీటర్ల నీళ్ల సీసా. మందమైన ఇనుప తీగను పంపు మూతి ఆకారంలో కోడిగుడ్డులా వంచి, కాల్చి, సీసా అడుగున నడిమధ్య నొక్కితే అదే ఆకారంలో కన్నం పడుతుంది. కత్తితో కోస్తే సందులు మిగిలి మందు బయటికి పోతుంది, తీగే మేలు. పంపు మూతి బిగుతుగా దూర్చి చుట్టూ టేపు వెయ్యండి. సీసా మూతి పేషెంటు నోట్లోకి.

వాడేముందు గిన్నెలు తోమే ద్రావణం కలిపిన నీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌కి స్థిరవిద్యుత్తు పుడుతుంది, దువ్వెనకి కాగితం ముక్కలు అంటుకున్నట్టు మందు గోడలకి అంటుకుంటుంది. కొన్న స్పేసర్‌కీ ఇదే పద్ధతి.

పంపు ఊపడం, ఒక్క పఫ్, చిన్నపిల్లలైతే మామూలుగా అయిదారు శ్వాసలు. పెద్దవాళ్లయితే నెమ్మదిగా ఒక్క దీర్ఘశ్వాస, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టడం. రెండో పఫ్‌కి మళ్లీ ఊపాలి. రెండు పఫ్‌లు ఒకేసారి కొడితే సీసాలో ఒకదానికొకటి తగిలి గోడకి పోతాయి. పొడి గుళిక పరికరంలో మాత్రం దీనికి వ్యతిరేకం, బలంగా వేగంగా లాగాలి, స్పేసర్ ఉండదు. రెండింటినీ కలిపేసుకోవడమే ఎక్కువ జరిగే తప్పు. స్టెరాయిడ్ ఏదైనా తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేదంటే నాలిక మీద తెల్లపూత పడుతుంది.

కాశీనగర్_ఫార్మసీ:
సిస్టరమ్మా, ఆ తీగ పద్ధతి చాలా ఉపయోగం. ఇక అసలుది. స్టెరాయిడ్ పంపు క్రమంగా వాడితే గోడ వెనక్కి వస్తుందా? ఉన్నదున్నట్టు చెప్పండి. లేనిపోని ఆశ పెట్టి అమ్మడం నాకిష్టం లేదు.

బరంపురం_ఊపిరి:
ఉన్నదున్నట్టే చెబుతాను. ఇసినోఫిల్స్ వారాల్లో తగ్గుతాయి. కొల్లాజెన్ పట్టీ తగ్గడానికి నెలలు కావాలి. ఫ్లూటికాసోన్ అనే స్టెరాయిడ్ పెద్ద మోతాదులో రోజుకి రెండుసార్లు ఇచ్చి చూసిన 2002 నాటి పనిలో మూడు నెలలకి పట్టీ కదల్లేదు, పన్నెండు నెలలకి పలచబడింది, అదీ కొంతవరకే.

పిల్లల్లో క్యాంప్ పరీక్ష 2000లో వచ్చింది. 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు 1041 మంది. ఒక గుంపుకి బ్యూడెసొనైడ్ అనే స్టెరాయిడ్ 200 మైక్రోగ్రాములు రోజుకి రెండుసార్లు, నాలుగు నుంచి ఆరేళ్లు. ఆస్పత్రిలో చేరడం తగ్గింది, అతిబిగువు తగ్గింది. కానీ చివర్లో పంపు కొట్టాక ఊదిన గాలి ఉత్తుత్తి మందు గుంపుతో సమానమే. ఎత్తులో సగటున 1.1 సెంటీమీటరు తేడా కూడా వచ్చింది. ఇది దాచకూడదు.

అయితే అక్కడితో ఆపితే సగం చెప్పినట్టు. స్టార్ట్ అనే పెద్ద పరీక్ష లెక్కల్ని 2009లో మళ్లీ విప్పి చూశారు. బ్యూడెసొనైడ్ లేనివాళ్లలో తీవ్రంగా ముదిరిన ఉబ్బసం వచ్చినవాళ్లకి ఊదే గాలి ఎక్కువగా పడిపోయింది. బ్యూడెసొనైడ్ వాడినవాళ్లలో ముదిరినా ఆ పతనం కనబడలేదు. పిల్లల వార్డు మేడమ్ చెప్పిన బిగువు దారితో ఇది కలుస్తుంది. కాబట్టి కౌంటరు దగ్గర "గోడ కరిగిపోతుంది" అనకండి. "ముదరకుండా కాస్తుంది, ముదిరినా నష్టం తగ్గిస్తుంది" అనండి.

సూది మందుల మీద కూడా అడుగుతారు. ఐఎల్-5ని పట్టే మెపోలిజుమాబ్‌తో పట్టీలో టెనాసిన్ తగ్గిందని 2003లో చూపారు. టీఎస్‌ఎల్‌పీని పట్టే టెజెపెలుమాబ్ ఇసినోఫిల్స్‌ని తగ్గించింది గాని 28 వారాల్లో పట్టీ మందం మార్చలేదు. తీవ్ర ఉబ్బసానికి మంచి మందులే. గోడ కూల్చేవిగా మాత్రం చూడకూడదు.

కొరాపుట్_పేథాలజీ:
ఒక జబ్బు ఈ చర్చలో తప్పకుండా ఉండాలి, ఏబీపీఏ. ఆస్పర్‌జిల్లస్ బూజుకి ఎలర్జీ. తడిసిన గడ్డివాము, బూజు పట్టిన ధాన్యం గాదె, వానకాలంలో చెమ్మగోడలు దానికి నెలవులు. ఇందులో గోడ మందమవడంతో ఆగదు. పెద్ద గొట్టాలు శాశ్వతంగా వెడల్పై సంచుల్లా అవుతాయి, వాటిలో జిగట బిళ్లలు దిగబడతాయి. దగ్గితే గోధుమరంగు ముద్దలు పడతాయి. ఎక్స్‌రేలో మచ్చలు ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట కనబడి క్షయ అనుకుని ఆ మందులు మొదలుపెట్టడం మనదేశంలో తరచు జరుగుతుంది. కఫంలో క్షయ క్రిములు లేకుండా, ఉబ్బసం ఉండి, మచ్చలు మారుతుంటే ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ, మొత్తం ఐజీఈ చేయించాలి. మొత్తం 500 యూనిట్లు దాటి, ఆస్పర్‌జిల్లస్‌ది 0.35 దాటితే ఛాతీ వైద్యుడి దగ్గరకి పంపాలి. ఆలస్యమైనకొద్దీ గొట్టాలు వెడల్పవుతాయి, అవి మళ్లీ సన్నబడవు.

గుణుపురం_సిస్టరు:
పక్కబట్టల సంగతి కూడా. మృగశిర కార్తె నుంచి చిత్త దాకా గాలిలో చెమ్మ దిగదు, పురుగుకి అదే కాలం. తలగడ గలీబులు, దుప్పట్లు, బొంతలు వారానికొకసారి 60 డిగ్రీల నీళ్లలో. మరిగే నీళ్లూ చన్నీళ్లూ సమానంగా పోస్తే 60 దాటుతుంది గాని బొంత వెయ్యగానే చల్లారిపోతుంది. రెండు పాళ్లు మరిగేవి, ఒక పాలు చల్లవి పోసి, కర్రతో తిప్పి, పది నిమిషాలు మూత పెట్టండి. చెయ్యి పెట్టొద్దు, కాలుతుంది. తర్వాత ఉతికి జాడించాలి, చచ్చిన పురుగు మలం నీళ్లతోనే పోతుంది. ఒట్టి ఎండలో వేస్తే మలం అలాగే ఉంటుంది. దులిపే పని ఉబ్బసం ఉన్నవాళ్లు చెయ్యకూడదు. ఇదంతా పంపుకి తోడే, బదులు కాదు. పురుగు తగ్గించినంత మాత్రాన జబ్బు అదుపులోకి వస్తుందని పరీక్షల్లో తేలలేదు.

రాయగడ_స్పైరో:
గోడ శాశ్వతంగా మారిందా లేదా అన్నది ఊదితేనే తెలుస్తుంది. పరీక్షకి వచ్చేముందు సాల్బుటమాల్ 4 నుంచి 6 గంటలు, ఎక్కువసేపు పనిచేసే ఫార్మోటెరాల్ ఉన్నవి 24 గంటలు ఆపాలి. ఆయాసం వస్తే మాత్రం ఆగకండి, కొట్టుకుని వచ్చి ఎప్పుడు కొట్టుకున్నారో చెప్పండి. మూడు సరైన ఊదుళ్లు, పై రెండింటికీ తేడా 150 మిల్లీలీటర్లు మించకూడదు. తర్వాత స్పేసర్‌తో నాలుగు పఫ్‌లు, 15 నిమిషాలు ఆగి మళ్లీ. మొదటి సెకను గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ పెరిగితే బిగువు విడుతోందని. నెలల తరబడి మందు సరిగ్గా వాడాక కూడా, పంపు కొట్టినా మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకను గాలి నిష్పత్తి తక్కువగానే ఉంటే గోడ స్థిరపడిందని అనుమానించాలి. కట్టెల పొయ్యి దగ్గర ఏళ్లు గడిపినవాళ్లకైతే సీఓపీడీ (పొగవల్ల గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు) కూడా కలిసిందేమో చూడాలి.

కాశీనగర్_ఫార్మసీ:
కౌంటరు మీద తెలుగులో, ఒడియాలో అట్ట పెడదామని రాసుకున్నాను (నీలం పంపు అంటే సాల్బుటమాల్, రెండోది స్టెరాయిడ్), చూడండి: "నీలం పంపు బిగువు విప్పుతుంది, గోడను ఆపదు. రెండో పంపు రోజూ వాడాలి, కూత లేకపోయినా. రెండో పంపు ఆయాసం వచ్చినప్పుడు పనికిరాదు. నీలం డబ్బాలు ఏడాదికి మూడుకి చేరితే డాక్టరుకి చూపించండి."

బరంపురం_ఊపిరి:
రెండు మార్పులు. రంగు రాయకండి, కంపెనీని బట్టి మారుతుంది, మందు పేరు రాయండి. మూడో వాక్యం అందరికీ వర్తించదు. బ్యూడెసొనైడ్-ఫార్మోటెరాల్ కలిసిన పంపు ఆయాసం వచ్చినప్పుడు కూడా పనికొస్తుంది, ఫార్మోటెరాల్ నిమిషాల్లో పనిచేస్తుంది. అలా ఎన్ని పఫ్‌ల దాకా వాడొచ్చో చీటీ మీద డాక్టరు రాయాలి. ఫ్లూటికాసోన్-సాల్మెటెరాల్ మాత్రం అప్పటికప్పుడు పనికిరాదు, సాల్మెటెరాల్ నెమ్మది. ఈ రెండు పేర్లూ విడివిడిగా రాయండి. ఒడియా పాఠం సిస్టరుగారు ఒకసారి చూస్తే బాగుంటుంది.

గుణుపురం_సిస్టరు:
పంపండి, చూస్తాను. అట్ట కింద ఇంకొక్క లైను కలపండి: మాట పూర్తిచెయ్యలేకపోతున్నా, పెదాలు నల్లబడినా, కూతలు ఉన్నట్టుండి ఆగిపోయి ఆయాసం ఎక్కువైనా, స్పేసర్‌తో పఫ్‌లు కొడుతూనే ఆస్పత్రికి బయలుదేరాలి.